పద్నాలుగు లేబుళ్ళు

ఆగస్టు 25, సోమవారం

మిరేలా ఫోన్ చేసింది. నా కూతురు ఫోన్ చేసిందంటే ఏదో పని పడిందనే. కలీనా ఒకటో క్లాసులో చేరుతోంది, పదిహేనో తారీఖున బడి తెరుస్తున్నారు, నోటుబుక్కులు కొనేశాం, అట్టలు వేసి పేర్లు రాసిపెట్టమ్మా, నీ అక్షరాలు ముత్యాలు కదా అంది. పేర్లు ప్రింట్ చేసిన స్టిక్కర్లు దొరుకుతున్నాయి, అవి తెప్పించుకో అన్నాను. అవి ఊళ్ళో అందరికీ ఉంటాయి, అమ్మమ్మ చేత్తో రాసినవి ఎవరికుంటాయి అంది.

చెయ్యి నొప్పిగా ఉందన్నాను.

చెయ్యి బాగానే ఉంది.

ఆగస్టు 27, బుధవారం

ఆఫీసులో ఊపిరి సలపలేదు. ఆగస్టంతా ఇంతే. టర్కీలోని బుర్సా నుంచి, ఇస్తాంబుల్ నుంచి మా బల్గేరియాకి బస్సులు దిగుతాయి. సెలవులకి వచ్చినవాళ్ళు చుట్టాల్ని చూసుకుని, సమాధుల మీద గడ్డి పీకి, మూడోరోజుకి మునిసిపాలిటీకి వస్తారు. నాది మూడో కౌంటర్. పుట్టుకలు, చావులు, పేర్లు. అన్నిటికంటే ఎక్కువ నేనిచ్చేది ఒకే సర్టిఫికెట్: ఈ పేరు గల మనిషీ, ఆ పేరు గల మనిషీ ఇద్దరు కాదు, ఒక్కరే. పద్దెనిమిదేళ్ళుగా అదే రాస్తున్నాను.

పక్క సీటు రాలిత్సాకి ఇరవై ఆరేళ్ళు. దీన్ని కవలల్ని ఒకటి చేసే కౌంటర్ అంటుంది. ఆ పిల్ల పుట్టేనాటికి ఆ పేర్ల గొడవలన్నీ అయిపోయాయి. నవ్వగలదు.

ఆగస్టు 31, ఆదివారం

చలికాలానికి సీసాల్లో పెట్టడానికి పెరట్లో మిరపకాయలు కాల్చాను. ముప్ఫై కిలోలు. వేళ్ళన్నీ మంట. నడిమధ్యలో మిరేలా కలీనాని దింపి, సంచీ కూడా దింపి వెళ్ళిపోయింది. సంచీలో నోటుబుక్కులు. కొత్త కాగితం వాసన మిరపకాయల పొగలోంచి కూడా వచ్చింది.

కలీనా అడిగింది, అమ్మమ్మా నీ చిన్నప్పుడు కూడా నోటుబుక్కులు ఉన్నాయా అని. లేవు, రాళ్ళ మీద చెక్కేవాళ్ళం అన్నాను. నమ్మింది. తర్వాత నిజం చెప్పాల్సి వచ్చింది.

చెప్పాను. ఆగస్టు ఆఖరి వారం పుస్తకాల షాపు ముందు క్యూ. నీలం అట్ట కాగితం. నోటుబుక్కు మధ్యలో అతికించడానికి తెల్ల లేబుల్. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళ బొమ్మలు. షీటులోంచి ఒక బొమ్మ కత్తిరించి సాసర్లో నీళ్ళు పోసి వెయ్యాలి. ముప్ఫై లెక్కపెట్టాలి. బొమ్మ కాగితాన్ని వదిలి వేలికి తగులుతుంది, పాల మీద మీగడ కదిలినట్టు కదులుతుంది. అప్పుడు జారవిడవాలి, అట్ట మీదికి. తొందరపడితే పుట్టగొడుగు బొమ్మకి తల ఒకచోట, కాడ ఒకచోట. నాకెప్పుడూ చిరిగేది. నా వేళ్ళు లావు.

మరి నీకెవరు అంటించేవాళ్ళు అని అడిగింది కలీనా.

ఒక అమ్మాయి అన్నాను. మిరపకాయలు మాడుతున్నాయని లేచాను.

సెప్టెంబర్ 2, మంగళవారం

పదకొండు దాటాక ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు. మెళ్ళో తాడుకి కళ్ళజోడు. చెప్పాల్సిందంతా వరస పెట్టుకుని వచ్చినట్టుంది, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మేడమ్, మా అబ్బాయికి ఇక్కడి పాస్‌పోర్టు కావాలి, వాడు బుర్సాలో పుట్టాడు, వాడి కాగితంలో తల్లి పేరు నజ్మియే, మీ కాగితాల్లో నేను నదేజ్దా, మీ లెక్కన వాడికి తల్లి లేదు, నా లెక్కన మీకు బుద్ధి లేదు అంది. రాలిత్సా పకపకా నవ్వింది.

నేను పాత జనన పత్రం విప్పాను. నజ్మియే హలీలోవా. 1974.

మా ఊరు. మా బడి. మా క్లాసు. మా బెంచీ.

వాళ్ళ కుటుంబం 1989లో టర్కీకి వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఏడే చట్టం మారింది. ఇక్కడున్నవాళ్ళు చాలామంది క్యూలు కట్టి పాత పేర్లు వెనక్కి తెచ్చుకున్నారు. సరిహద్దు దాటినవాళ్ళవి మా కంప్యూటర్లో ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి. ఏమీ కష్టం లేదండీ, ఒక దరఖాస్తు, మేయర్ ఆర్డర్, రిజిస్టర్ మార్జిన్‌లో ఒక లైను, వారం పడుతుంది అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నా ఇంటిపేరు మారింది. ఒళ్ళూ మారింది. కావలసిన కాగితాల లిస్టు చీటీ మీద రాసిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది. రాసింది నాలుగు లైన్లే.

సెప్టెంబర్ 3, బుధవారం

చెప్పలేదు. నేనెవరో చెప్పడం కౌంటర్ పని కాదు.

సెప్టెంబర్ 4, గురువారం, మధ్యాహ్నం 12.30

లంచ్‌లో రాస్తున్నాను. ఇంట్లో అయితే రాయనని తెలుసు.

నాలుగో క్లాసుకి ముందు ఆగస్టు. నజ్మియే వాళ్ళ వరండా. పైన దండెం మీద పొగాకు ఆకులు ఆరుతున్నాయి, కింద చాప మీద మేమిద్దరం. మా ఒప్పందం మూడేళ్ళది: నీళ్ళ బొమ్మలు తను అంటిస్తుంది, పేర్లు నేను రాస్తాను. తన పుస్తకాల మీద నేను, నా పుస్తకాల మీద తను. వాళ్ళ నానమ్మ సాసర్ ఇచ్చి, పగిలిందో మీ ఇద్దరి చెవులూ నావే అనేది. నజ్మియే ఊపిరి బిగబట్టి అంటించేది. అయ్యాక వదిలేది. ఆ ఏడు నా లెక్కల పుస్తకం మీద ముళ్ళపంది, తన పుస్తకం మీద చెర్రీపళ్ళు. నజ్మియే అని రాసి ‘న’ కాలు సాగదీసి దానికొక తీగ చుట్టేదాన్ని. ఎవరి పుస్తకమైనా ఎవరు రాశారో దూరం నుంచే తెలిసేది. క్లాసులో సగం మంది నాచేతే రాయించుకునేవాళ్ళు. నాకు పొగరుండేది. ఉండకేం.

ఆ శీతాకాలం మా ప్రాంతానికి మిలీషియా, అదే అప్పటి పోలీసుల, జీపులు వచ్చాయి. మా దగ్గర పుట్టి పెరిగిన టర్కులందరికీ బల్గేరియా పేర్లు పెట్టాలని సర్కారు నిర్ణయం. పెద్దవాళ్ళని మునిసిపాలిటీకి తీసుకెళ్ళారు. లిస్టులోంచి ఒక పేరు ఎంచుకోవాలి, లేకపోతే వాళ్ళే ఎంచుతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పదేళ్ళ పిల్లకి తెలిసిందేంటంటే, వారం రోజులు బడి లేదు, మంచు చాలా ఉంది, జారుడుబల్ల బాగుంది.

రెండో టర్మ్ ఫిబ్రవరిలో మొదలైంది. మొదటిరోజు బడి వదిలాక కామ్రేడ్ ద్రగానోవా నన్ను ఆపింది. మా క్లాస్ టీచర్. మంచి మనిషి. ఇప్పటికీ అలాగే రాస్తాను, మంచి మనిషి. జోర్కా, నీకొక గౌరవం అప్పజెబుతున్నాను అంది. బల్ల మీద పద్నాలుగు కొత్త నోటుబుక్కులు, పద్నాలుగు లేబుళ్ళు, ఒక లిస్టు. లిస్టులో రెండు వరసలు. ఎడమవైపు పేరు కొట్టేసి ఉంది, కుడివైపు కొత్తది. కుడివైపువి రాయి, నీకు చేతనైనంత అందంగా రాయి, పిల్లలు సంతోషించాలి అంది. ఒక షీటు నీళ్ళ బొమ్మలు కూడా ఇచ్చింది. జర్మనీవి. అలాంటివి మా షాపులో దొరికేవి కాదు.

టైమ్ అయింది.

సెప్టెంబర్ 4, సాయంత్రం 5.20

రాయనన్నాను గానీ రాస్తున్నాను.

ఇంటికి తెచ్చుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న పేపర్ చదువుకున్నాడు. అమ్మ వెనక నిలబడి చూసి, ఆ గీత ఇంకాస్త నిండుగా లాగు అంది. నీళ్ళ బొమ్మలు నేనే అంటించాను. మొదటి రెండూ చిరిగాయి, తర్వాత చెయ్యి కుదిరింది. నజ్మియే అవసరం లేకుండానే చేయగలనని అప్పుడే తెలిసింది. బాగా అనిపించింది.

అన్నిటికంటే మంచి బొమ్మ ఎరుపు ఆరుద్ర పురుగు. తనకి దాచాను. నదేజ్దా అని రాశాను. ‘న’ అదే కదా, తీగ కూడా అలాగే చుట్టాను. పాతదానికంటే బాగా వచ్చింది.

కామ్రేడ్ ద్రగానోవా అందరి ముందూ నాకు ఇరవై నాలుగు రంగుల పెన్సిళ్ళ డబ్బా ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కరినీ కొత్త పేరుతో పిలిచి పుస్తకం చేతికిచ్చింది. కొంతమందికి అది తమ పేరని తెలియక లేవలేదు. చలికి క్లాసులో వెలిగించే పొయ్యి పక్కన కూర్చునే వాణ్ణి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.

నజ్మియే లేబుల్ చూసింది. బొమ్మని బొటనవేలితో ఒకసారి తడిమింది. సంచీలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

మర్నాడు తన బల్ల మీద వేరే పుస్తకం. అట్ట లేదు, లేబుల్ లేదు. చివరి బెంచీకి వెళ్ళిపోయింది. ఆటస్థలంలో నదేజ్దా అని పిలిచాను, పలకలేదు. నాద్యా అని ముద్దుగా పిలిచాను, పలకలేదు. నేనంత కష్టపడి రాస్తే ఇంత పొగరా అనుకున్నాను. నేనూ మాట్లాడ్డం మానేశాను. నాలుగేళ్ళు.

సెప్టెంబర్ 6, శనివారం

సెలవు. మిరేలా వచ్చి నోటుబుక్కుల సంచీ తెరిచి చూసింది. ఎలా ఇచ్చింది అలాగే ఉంది. కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళి కార్డులు రాస్తావు, చర్చివాళ్ళ బోర్డు రాస్తావు, మనవరాలి పుస్తకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పా, నా పుస్తకాలకీ ఇంతే చేశావు, అందరి అమ్మలూ రాసేవాళ్ళు, నా అట్టల మీద నాన్న అక్షరాలు, కోడి గెలికినట్టు అంది.

నిజమే. మిరేలా నోటుబుక్కులు ఒక్కటి కూడా నేను రాయలేదు. అప్పుడూ చెయ్యి నొప్పే.

ఎందుకమ్మా అంది. మిరపకాయల సీసాలు రెండు తీసుకెళ్ళు అన్నాను. సీసాలు తీసుకెళ్ళింది. సంచీ వదిలేసింది.

సెప్టెంబర్ 8, సోమవారం

శనివారం పడ్డ పండగకి బదులు ఇవాళ సెలవు. 1989 జూన్‌లో వాళ్ళ కారు చూశాను. మాస్క్‌విచ్. నెత్తిన కుట్టుమిషను, పరుపులు, పిల్ల ఉయ్యాల. నేను రొట్టెల క్యూలో ఉన్నాను. కారు ట్రాక్టర్ వెనక ఆగింది, కిటికీలో నజ్మియే. పదిహేనేళ్ళది. నేను చెయ్యి ఊపొచ్చు. క్యూలో నా వంతు వచ్చింది.

సెప్టెంబర్ 10, బుధవారం, సాయంత్రం

మేయర్ ఆర్డర్ పొద్దున్నే వచ్చింది. నజ్మియే పదకొండున్నరకి వచ్చింది. మార్జిన్‌లో లైను రాయడమే మిగిలింది. రిజిస్టర్ కింద ఆర్కైవ్ నుంచి తేవాలి, అరగంట పడుతుంది, ఈలోపు కాఫీ తాగుదాం రండి అన్నాను. రాలిత్సా వింతగా చూసింది. నేను ఎవర్నీ కాఫీకి పిలవను.

మిషన్ కాఫీ రెండు కప్పులు తీసుకుని బయట లిండెన్ చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాం. చెప్పేముందు ఏదో అనాలని ఎండ ఇంకా తగ్గలేదండీ అన్నాను. ఎండ సంగతి వదిలెయ్ జోర్కా అంది.

ఎప్పుడు తెలిసిందన్నాను. చీటీ ఇచ్చినప్పుడే, కాగితాల లిస్టుకి కూడా తీగలు చుట్టేదానివి నువ్వు తప్ప ఎవరుంటారు అంది. మరి చెప్పలేదేం అన్నాను. నువ్వు చెప్తావా లేదా అని చూశాను, వారం టైమిచ్చాను, మీ ఆఫీసు నాకిచ్చినంతే అంది. నవ్వుతూనే అంది.

చెప్పాను. మూడు సాయంత్రాలు, పద్నాలుగు లేబుళ్ళు, పెన్సిళ్ళ డబ్బా, అంతా. కౌంటర్లో చెప్పినట్టే వరసగా చెప్పాను. తను అడ్డుకోలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది. రాస్తున్నప్పుడు నీకెలా ఉండేది అని.

సంతోషంగా ఉండేది అన్నాను.

పోన్లే, ఏడుస్తూ రాశానని చెప్తావేమో అనుకున్నాను, చెప్పుంటే లేచి వెళ్ళిపోయేదాన్ని అంది.

తర్వాత తను చెప్పింది. ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళిందట. దారి పొడుగునా సంచీలోంచి తీసి చూసుకుందట. అంత అందమైన లేబుల్ నాకెప్పుడూ రాలేదే, ఆ పురుగు నిజంగా పాకుతున్నట్టే ఉంది, మా నాన్నకి చూపించాలని పరిగెత్తాను అంది. మునిసిపాలిటీలో పేర్లు మార్చి పంపినప్పట్నుంచీ ఆయన అదోలా ఉన్నాడు. మాట్లాడ్డం లేదు, తినడం లేదు. పుస్తకం తీసుకుని లేబుల్ చదివి పొయ్యిలో పెట్టాడు. నజ్మియే ఏడ్చింది. గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు కొట్టాడట. జీవితంలో ఆ ఒక్కసారే.

నేను పురుగు కోసం ఏడ్చాను, ఆయన ఆ పేరు కోసం ఏడుస్తున్నాననుకున్నాడు అంది. తర్వాత చెప్పలేదా అన్నాను. ఏమని చెప్పను, నాన్నా వాళ్ళు పెట్టిన పేరు నాకు నచ్చలేదు, రాసిన తీరు నచ్చింది అని చెప్పనా అంది. పోయేదాకా ఆయన మనసులో నేను ఆ పేరు కావాలన్న కూతుర్నే అంది.

ఇద్దరం కాఫీ తాగలేదు. క్షమించు అన్నాను. తల ఊపింది. సరే అన్నట్టు కాదు, విన్నాను అన్నట్టు.

లోపలికి వచ్చాం. రిజిస్టర్ బల్ల మీద ఉంది. ఫిబ్రవరి 1974, పేజీ తెరిచి పెన్ను తీశాను. నజ్మియే అద్దం కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి నా పెన్ను మీద వేలు ఆనించింది. గట్టిగా కాదు.

నువ్వొద్దు, ఆ పిల్లని రాయమను అంది.

రాలిత్సా నా వైపు చూసింది. దాని రాత ఎలా ఉంటుందో దానికీ తెలుసు. నా రాత బాగుండదండీ, జోర్కా మేడమ్ అయితే అచ్చు వేసినట్టు రాస్తారు అంది. బాగుండకపోతేనే మంచిదమ్మా, నువ్వే రాయి అంది నజ్మియే.

లేచి కుర్చీ ఇచ్చాను. రాలిత్సా నాలుక బయటపెట్టి రాసింది. ఒక అక్షరం పెద్దది, ఒకటి చిన్నది, లైను పైకి ఎక్కింది, చివర్లో సిరా కాస్త అంటింది. పుస్తకం బరువుకి పేజీ మూసుకుపోకుండా నేను పట్టుకున్నాను. నా పని అంతే.

నజ్మియే కళ్ళజోడు పెట్టుకుని చదివింది. సరిపోయింది అంది. స్టాంపు నేను వేశాను. దానికి అభ్యంతరం చెప్పలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

బాధపడ్డానా అని నన్ను నేనే అడిగాను. వెతకాల్సి వచ్చింది. ఉంది, పెన్ను మీద వేలు ఆనిన చోట. మిగతాచోట్ల అలవాటైన మొద్దుతనమే.

రాలిత్సా అడిగింది, ఆవిడకి మీరంటే కోపమా అని. లేదు, నా చేతిరాత అంటే అన్నాను. అర్థం కాలేదు దానికి. టీ పెట్టి ఇచ్చింది.

సెప్టెంబర్ 13, శనివారం

మిరేలాని పిలిచి చెప్పాను. నజ్మియేకి చెప్పినంతా చెప్పాను. ఇది మరీ కష్టమైంది. కూతురు మధ్యలో ఆపుతుంది, ప్రశ్నలేస్తుంది. నీకప్పుడు పదేళ్ళమ్మా అంది. తెలుసు అన్నాను. నీ తప్పేముంది అంది. బాగా రాశాను అన్నాను. లేచి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. ఇన్నేళ్ళూ నేనంటే ఇష్టం లేక రాయలేదనుకున్నానమ్మా అంది, కుళాయి వైపు తిరిగే.

మధ్యాహ్నం కలీనాతో కూర్చున్నాను. ఐదు నోటుబుక్కులు. పేరు నువ్వు రాస్తావా నన్ను రాయమంటావా అని అడిగాను. నాకు ‘క’ ఒక్కటే వచ్చు, మిగతాది నువ్వు రాయి అంది. అలాగే రాశాం. ‘క’ దానిది, తల కిందులుగా ఉన్నట్టుంది. మిగతాది నాది, తీగలు లేకుండా. మూడో పుస్తకం దగ్గర చెయ్యి నిజంగానే నొప్పెట్టింది. నీ అక్షరాలు బాగున్నాయి గానీ నావంత లావుగా లేవు అమ్మమ్మా అంది.

సెప్టెంబర్ 15, సోమవారం

పొద్దున కలీనాని బడిలో దింపాం. పూలగుత్తి దానికంటే పెద్దది.

ఆఫీసుకి వచ్చి ఆ పద్నాలుగు పేర్లూ కంప్యూటర్లో కొట్టాను. నేను రాసినవి అన్నీ గుర్తున్నాయి. ఎనిమిది మంది వెనక్కి మార్చుకున్నారు. ఒకరు ఆ పేరుతోనే చనిపోయారు. ఐదుగురు ఇంకా రాలేదు.

ఆ ఐదుగురి అసలు పేర్లు కాగితం మీద పెట్టాను. సబ్రీ. ఎమీనే. రిఫాత్. గుల్తెన్.

ఐదోవాడు పొయ్యి పక్కన కూర్చునేవాడు. కింద రిజిస్టర్ తెరిస్తే రెండు నిమిషాల పని. తెరవను. నాకు గుర్తు రావాలి.

సాయంత్రం ఐదయింది. అసెన్ అన్న పేరే వస్తోంది. నేను రాసిందే వస్తోంది.